ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు పరిశ్రమలు తెచ్చింది ఎవరి విధానం?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ ఇంట్లో రోజూ వాదన జరుగుతోంది. నాన్నగారు ఒక ముఖ్యమంత్రి పేరు చెబుతారు, బాబాయిగారు ఇంకొకరి పేరు చెబుతారు. 1956 నుంచి రాష్ట్ర ప్రభుత్వాలు తెచ్చిన ఆర్థికాభివృద్ధి విధానాల్లో నిజంగా పనిచేసినవి ఏవి, జీవోల్లోనే మిగిలిపోయినవి ఏవి, ఆ ఘనత ఎవరికి దక్కాలి అని అడిగారు.

నేను 1984లో పరిశ్రమల శాఖలో చేరాను. ముప్ఫై ఏళ్లకు పైగా వేరు వేరు జిల్లాల పరిశ్రమల కేంద్రాల్లో పనిచేసి రిటైరయ్యాను. రాయితీ ఫైళ్లు చూడటం, ఫ్యాక్టరీకి వెళ్లి బిల్లుల్లో ఉన్న మెషీన్లు నిజంగా ఉన్నాయో లేదో నంబర్లు సరిచూడటం, బ్యాంకుకీ కరెంటు ఆఫీసుకీ మధ్య తిరగడం, ఇదే నా ఉద్యోగం. ఆ అనుభవం మీద చెబుతున్నాను.

సూటిగా చెప్పాలంటే: పరిశ్రమలను తెచ్చింది రాయితీలు కాదు. భూమి, నీళ్లు, కరెంటు, పని తెలిసిన మనుషులు, ఈ నాలుగూ ఎక్కడ కుదిరితే అక్కడికి అవి వచ్చాయి. ఆ నాలుగూ ఒక చోట కుదరడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. కాబట్టి ఒక ప్రభుత్వం చేసిన పని మూడో ప్రభుత్వం వచ్చాక గానీ కంటికి కనబడదు. మీ నాన్నగారు చెప్పేదాంట్లో నిజం ఉంది, మీ బాబాయిగారు చెప్పేదాంట్లోనూ ఉంది. ఇద్దరూ వదిలేస్తున్నది వాళ్ల నాయకుడికి ముందు జరిగిన కథ.

ఆ కథ 1956 కంటే ముందే మొదలవుతుంది. హైదరాబాద్ సంస్థానంలో 1929లో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ అని ఒక నిధి పెట్టారు. ప్రభుత్వమే కంపెనీల్లో వాటా తీసుకుని ఫ్యాక్టరీలు పెట్టించింది. వరంగల్ ఆజంజాహీ మిల్లు, బోధన్ నిజాం షుగర్స్, సిర్పూర్ కాగితం మిల్లు, 1942లో వచ్చిన ఆల్విన్, ఇవన్నీ ఆ కాలానివే. కోస్తాలో పరిస్థితి వేరు. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టల పుణ్యమా అని వంద ఏళ్లపాటు వరి పండింది, చేతిలో డబ్బు ఆడింది. కానీ రైసు మిల్లులు, పొగాకు దాటి పెద్ద కార్ఖానాలు తక్కువ. ఒక చోట ఫ్యాక్టరీలు నడిపిన అనుభవం, ఇంకో చోట పొలం మీద మిగిలిన డబ్బు. 1956లో ఈ రెండూ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. తర్వాత జరిగిన చాలా వాటికి, మంచికీ గొడవలకీ కూడా, మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

మొదటి పదిహేనేళ్లు రాష్ట్ర ప్రభుత్వం ధ్యాసంతా ప్రాజెక్టుల మీదే. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. పోచంపాడు, శ్రీశైలం రెండింటికీ 1963లో రాయి వేశారు. పరిశ్రమల వైపు చూస్తే అప్పులివ్వడానికి ఎస్‌ఎఫ్‌సీ (రాష్ట్ర ఫైనాన్స్ కార్పొరేషన్), పెద్ద యూనిట్లలో వాటా పెట్టడానికి 1960లో ఏపీఐడీసీ (పారిశ్రామికాభివృద్ధి సంస్థ), చిన్న పరిశ్రమల కోసం ఇంకో కార్పొరేషన్ ఏర్పడ్డాయి. సనత్‌నగర్ లాంటి చోట్ల ఎస్టేట్లు కట్టి షెడ్లు ఇచ్చారు. అసలు పెద్ద మార్పు మాత్రం కేంద్ర ప్రభుత్వ సంస్థలతో వచ్చింది. బీహెచ్ఈఎల్, ఐడీపీఎల్, హెచ్ఎంటీ, ఈసీఐఎల్, బీడీఎల్, ఎన్ఎఫ్‌సీ, మిధాని వరుసగా హైదరాబాద్ చుట్టూ దిగాయి. డబ్బు కేంద్రానిదే. భూమి, నీళ్లు, కరెంటు లైను ఇచ్చి, ఢిల్లీ చుట్టూ తిరిగి వాటిని ఇక్కడికి రప్పించుకున్నది రాష్ట్రం.

ఐడీపీఎల్ సంగతి కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే మీ ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. 1960ల్లో సోవియట్ సాయంతో బాలానగర్‌లో ఈ మందుల ఫ్యాక్టరీ కట్టారు. 1970లో కేంద్రం పేటెంట్ చట్టం మార్చింది. మందుకు కాదు, దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంటు అని 1972 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే అదే మందును వేరే దారిలో తయారుచేయగలిగితే అమ్ముకోవచ్చు. ఆ వేరే దారి కనిపెట్టగల కెమిస్టులు, రియాక్టర్ దగ్గర నిలబడి వాసన చూసి తేడా చెప్పగల ఆపరేటర్లు అప్పటికే బాలానగర్‌లో తయారై ఉన్నారు. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. అలా బయటికొచ్చి చిన్న చిన్న బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్లు పెట్టినవాళ్లు ఎందరో. నేను చేరిన కొత్తలో మా బల్ల మీదికొచ్చే మందుల యూనిట్ల దరఖాస్తుల్లో 'పూర్వ అనుభవం' అనే గడిలో ఐడీపీఎల్ అన్న మాట ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఐడీపీఎల్ తర్వాత ఖాయిలా పడింది. ఆ సంస్థ లెక్కల పుస్తకం చూస్తే అది విఫలమైన విధానం. జీడిమెట్ల నుంచి బొల్లారం దాకా ఉన్న మందుల ఫ్యాక్టరీలను ఒకసారి బండి మీద వెళ్లి చూస్తే మాత్రం ఇంత ఫలితమిచ్చిన పెట్టుబడి ఇంకొకటి కనబడదు. ఈ రెండూ నిజమే.

ఐటీ కథ కూడా ఇలాంటిదే. ఈసీఐఎల్ 1970ల్లోనే ఇక్కడ కంప్యూటర్లు తయారుచేసింది. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు 1977లో విజయవాడ సిద్ధార్థతో, 1979లో హైదరాబాద్ సీబీఐటీతో మొదలయ్యాయి. ఆ పిల్లలు చదువులు పూర్తిచేసి, కొందరు అమెరికా వెళ్లి పని నేర్చుకునేసరికి 90లు వచ్చాయి. 1998 నవంబరులో వాజపేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి లోపల కూర్చోబెట్టడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారు.

దీన్నిబట్టి చంద్రబాబు నాయుడు గారు చేసిందేమీ లేదని నేననడం లేదు. మనుషులు సిద్ధంగా ఉన్న రాష్ట్రాలు వేరేవి కూడా ఉన్నాయి. ఆ అవకాశాన్ని కనిపెట్టి, కంపెనీల వెంటపడి, 1998లోనే మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్‌ను తెచ్చి, ట్రిపుల్ ఐటీ, ఐఎస్‌బీ లాంటి సంస్థలను పట్టుబట్టి రప్పించడం సామాన్యమైన పని కాదు. ఆ రోజుల్లో మా శాఖలోనే ఫైలు కదిలే వేగం మారింది. పెట్టుబడి పెట్టేవాడు ఆఫీసుకు వస్తే కుర్చీ వేయాలన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది.

ఇక 70ల నాటి విధానాలకు వస్తాను. 1973లో ఏపీఐఐసీ వచ్చింది, పని భూములు తీసుకుని పారిశ్రామికవాడలు వేయడం. 1978లో జిల్లా పరిశ్రమల కేంద్రాలు వచ్చాయి. వీటితోపాటు వచ్చిందే వెనుకబడిన జిల్లాల సబ్సిడీ. కేంద్రం ఇచ్చేది కొంత, రాష్ట్రం ఇచ్చేది కొంత, పైన సేల్స్ టాక్స్ వాయిదా. ఉద్దేశం మంచిదే, ఫ్యాక్టరీలు నగరం వదిలి వెనుకబడిన చోటికి వెళ్లాలని.

జరిగింది ఏమిటంటే, ఫ్యాక్టరీలు నగరం వదల్లేదు, జిల్లా సరిహద్దు దాటాయి, అంతే. హైదరాబాద్ నుంచి ముంబై రోడ్డులో వెళ్తే మెదక్ జిల్లా మొదలయ్యే చోట పటాన్‌చెరు. వరంగల్ రోడ్డులో నల్గొండ జిల్లా తగలగానే బీబీనగర్, విజయవాడ రోడ్డులో చౌటుప్పల్. బెంగళూరు రోడ్డులో మహబూబ్‌నగర్ జిల్లాలో అడుగుపెట్టగానే కొత్తూరు. పాత జిల్లాల పటం ముందు పెట్టుకుని చూడండి, గీత పక్కనే గుంపుగా కనబడతాయి. యజమాని ఇల్లు నగరంలో, పిల్లల చదువు నగరంలో, బ్యాంకు నగరంలో, సబ్సిడీ మాత్రం వెనుకబడిన జిల్లాది. ప్లాటు చూడటానికి వచ్చినవాళ్లు బోర్లో నీళ్లు పడతాయా అని అడగకముందే "సార్, ఈ సర్వే నంబరు ఏ జిల్లాలోకి వస్తుంది?" అని అడిగేవారు. మెదక్ జిల్లా లెక్కల్లో పారిశ్రామిక జిల్లా అయిపోయింది. అదే జిల్లాలో దూరంగా ఉన్న నారాయణఖేడ్ వైపు కుర్రవాళ్లు వలసపోవడం మాత్రం ఆగలేదు.

దానికి మూల్యం కూడా ఆ గీత పక్క ఊళ్లే చెల్లించాయి. పటాన్‌చెరు చుట్టుపక్కల నక్కవాగు నీళ్లు రంగు మారాయి, బావులు పాడయ్యాయి, పొలాలు పోయాయి. 1990లో ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పరిశ్రమ ఎంత పెట్టుబడి పెట్టింది, ఎందరికి ఉద్యోగమిచ్చింది అని మా ఫారాల్లో గడులుండేవి. ఆ ఊరి బావి ఏమైంది అన్నదానికి గడి లేదు. ఆ ఫారాలు నింపినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పటికీ ఆ దారిన వెళ్తే బాధగానే ఉంటుంది.

రాయితీ ఫైలు దగ్గరినుంచి ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. 80ల చివర్లో ఒక జిల్లాలో అన్నదమ్ములిద్దరు పీవీసీ పైపుల యూనిట్ పెట్టారు. సబ్సిడీ శాంక్షన్ అయింది. శాంక్షన్ వేరు, రిలీజ్ వేరు. నిధులు లేవని ఏళ్ల తరబడి సాగింది, ఈలోగా బ్యాంకు వడ్డీ పెరుగుతూ పోయింది. ఒకరోజు పెద్దవాడు ఆఫీసుకొచ్చి రెక్సిన్ సంచిలోంచి మాడిపోయిన ముద్ద ఒకటి తీసి నా బల్ల మీద పెట్టాడు. నిమ్మకాయంత ఉంటుంది, ముదురు గోధుమరంగు, ఇంకా కాలిన వాసన వస్తోంది. "నిన్న మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు మెషీన్ బ్యారెల్‌లో ప్లాస్టిక్ గడ్డకట్టింది సార్. స్క్రూ బయటికి లాగి చెక్కేసరికి రాత్రి పదకొండయింది. సబ్సిడీ ఎప్పుడిచ్చినా ఫర్వాలేదు, ఆ కోతలు ఎప్పుడు ఉంటాయో ముందుగా చెప్పించండి చాలు" అన్నాడు. నేను చెప్పించలేకపోయాను. సబ్సిడీ చేతికొచ్చేనాటికి ఆ షెడ్డులో నేల మీద ఫౌండేషన్ బోల్టులే మిగిలాయి, మెషీన్ అమ్మేసుకున్నారు.

కరెంటు ఎందుకలా తయారైందన్నది కూడా విధానాల చరిత్రే. 80ల మొదట్లో పంపుసెట్లకు మీటర్లు వదిలేసి హార్స్‌పవర్ లెక్కన ఏడాదికింత అని బిల్లు వేసే పద్ధతి వచ్చింది. రైతుకు అది ఊపిరి పోసింది. భూగర్భజలం మీదే బతికే రాయలసీమ, తెలంగాణ పల్లెలకు మరీ ముఖ్యం, కాలువ నీళ్లు వాళ్లకు రావు కదా. కానీ ఆ లోటు పూడ్చడానికి పరిశ్రమల మీద రేట్లు పెంచుతూ పోయారు. విద్యుత్ బోర్డు నష్టాల్లోకి వెళ్లింది, కొత్త ప్లాంట్లకు డబ్బు లేకపోయింది, కోతలు పెరిగాయి. 1999 ఫిబ్రవరిలో ప్రపంచ బ్యాంకు అప్పుతో బోర్డును కరెంటు ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కో అని విడగొట్టారు. ఛార్జీలు పెంచితే 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో నిరసనకారులపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 2004 మేలో రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా మొదటి సంతకం ఉచిత విద్యుత్తు మీద చేశారు. 1999 నాటి సంస్కరణ సాంకేతికంగా సరైనదే అని నేనిప్పటికీ అనుకుంటాను. కరువులో ఉన్న రైతు మీద ఆ భారం వేసిన తీరు మాత్రం తప్పు. 2012లో పరిశ్రమలకు వారానికి మూడు రోజులు పవర్ హాలిడే ఇచ్చినప్పుడు, ఎన్నో ఏళ్లు కష్టపడి నిలబెట్టిన యూనిట్లు కొన్ని నా కళ్లముందే మూతపడ్డాయి.

సేల్స్ టాక్స్ రాయితీల గురించి క్లుప్తంగా చెబుతాను. 90ల్లో ప్రతి రాష్ట్రం పక్క రాష్ట్రం కంటే ఎక్కువిస్తానని పోటీపడింది, మన 'టార్గెట్ 2000' పథకం కూడా ఆ కాలానిదే. అందరూ నష్టపోతున్నామని గ్రహించి, 2000 జనవరి 1 నుంచి అలాంటి కొత్త పన్ను రాయితీలు ఆపేయాలని రాష్ట్రాలన్నీ ఒప్పుకున్నాయి. తర్వాత అదే రాయితీ 'రీయింబర్స్‌మెంట్' పేరుతో వెనక్కి వచ్చింది. ముందు పన్ను కట్టు, తర్వాత తిరిగిస్తాం అన్నమాట. ఆ తిరిగివ్వడంలో జరిగే ఆలస్యమే ఇప్పటికీ చిన్న యూనిట్లకు పెద్ద టెన్షన్.

విశాఖ గురించి విడిగా రాస్తే పుస్తకమవుతుంది. ఒక్క లెక్క చెబుతాను. ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966లో జనం ప్రాణాలిచ్చారు, 1971లో శంకుస్థాపన జరిగింది, జాతికి అంకితం చేసింది 1992లో. మధ్యలో ఎంతమంది ముఖ్యమంత్రులు మారారో మీరే లెక్కపెట్టుకోండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. పరిశ్రమల శాఖవాడిగా నేను మొదట పట్టించుకోకపోయినా, తర్వాత ఎక్కువ గౌరవం పెంచుకున్నది మహిళల పొదుపు సంఘాల మీద. 90ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత ఆ ఆడవాళ్లే రోజుకో రూపాయి దాచుకోవడం మొదలుపెట్టారు. ప్రభుత్వం దాన్ని కనిపెట్టింది, చేయూతనిచ్చింది. చంద్రబాబు గారి కాలంలో డ్వాక్రా, వెలుగు, రాజశేఖరరెడ్డి గారి కాలంలో ఇందిరా క్రాంతి పథం, పావలా వడ్డీ. పేర్లు మార్చారు గానీ పని ఆపలేదు. ప్రభుత్వం మారినా చెక్కుచెదరకుండా కొనసాగిన విధానాల్లో ఇదొకటి, ఫలితం కూడా అందుకే వచ్చింది.

శంషాబాద్ విమానాశ్రయం, ఔటర్ రింగ్ రోడ్డు విషయంలోనూ అంతే. విమానాశ్రయం ఆలోచన ఒకరి కాలంలో మొదలైంది, విమానం ఎగిరింది ఇంకొకరి కాలంలో, 2008 మార్చిలో. 158 కిలోమీటర్ల ఔటర్ పూర్తయ్యేసరికి రాష్ట్రమే రెండయింది. దీనికి భిన్నంగా 2006లో ఫ్యాబ్ సిటీ అని చిప్‌ల ఫ్యాక్టరీ కోసం భూమి కేటాయించారు. మిగతా రాయితీలన్నీ ఉన్నాయి, చిప్‌లు మాత్రం రాలేదు. అంత పెద్ద పెట్టుబడికి, అంత శుద్ధమైన నీటికి, ఆ పని తెలిసిన మనుషులకు అప్పటికి ఇక్కడ పునాది లేదు.

విభజన తర్వాత ఉదాహరణ కావాలంటే పెనుకొండ దగ్గర కియా. 2017 ఏప్రిల్‌లో చంద్రబాబు గారి ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది, అంత త్వరగా భూమి చదును చేసి ఇవ్వడం గొప్ప పనే. 2019 డిసెంబరులో జగన్మోహన్ రెడ్డి గారు ఫ్యాక్టరీని అధికారికంగా ప్రారంభించారు. ఇక ఆ ఫ్యాక్టరీకి నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరు నుంచి, అంటే హంద్రీ-నీవా నుంచి. ఆ ప్రాజెక్టు పనులు ఊపందుకున్నది రాజశేఖరరెడ్డి గారి కాలంలో. కరువు సీమలో కార్ల ఫ్యాక్టరీ ఎలా వచ్చిందని అడిగేవాళ్లు ఆ రిజర్వాయరు గట్టు మీద నిలబడి చూడాలి. తెలంగాణలో 2014లో తెచ్చిన టీఎస్-ఐపాస్ చట్టం కూడా నాకు నచ్చింది. అనుమతులకు రోజుల గడువు పెట్టి, ఆ గడువుకు చట్టబలం ఇచ్చారు. దానికి ముందు 2002 నాటి సింగిల్ విండో చట్టం ఉంది, అందులోని లోపాలు చూసే ఇది రాశారు.

ఇంతా చదివి రాయితీలే వద్దంటున్నానని అనుకోకండి. పెద్ద కంపెనీకి రాయితీ ఇచ్చినా ఇవ్వకపోయినా అది వచ్చేది వస్తుంది, మహా అయితే గీతకు ఇవతలా అవతలా అన్నది మారుతుంది. కానీ పూచీకత్తుగా చూపడానికి సెంటు భూమి లేని దళిత, గిరిజన కుర్రాడికి పెట్టుబడి సబ్సిడీ అంటే బ్యాంకు గుమ్మం దాటగలగడం. మొదటి తరం మహిళా వ్యాపారికీ అంతే. నా సర్వీసులో రాయితీ వల్లే నిలబడ్డాయని గట్టిగా చెప్పగలిగిన యూనిట్లు దాదాపు అన్నీ ఇలాంటివాళ్లవే.

చివరిగా, వాదన తేల్చుకోవడానికి మీకు పనికొచ్చే పద్ధతి ఒకటి. ఏ ప్రభుత్వమైనా కొత్త పారిశ్రామిక విధానం ప్రకటించినప్పుడు ఎంఓయూల (పెట్టుబడి పెడతామనే ఒప్పంద పత్రాల) మొత్తం చూడకండి. బడ్జెట్ పుస్తకాల్లో పారిశ్రామిక ప్రోత్సాహకాల పద్దు తీయండి. మొదట ఎంత కేటాయించారు, సవరించిన అంచనాల్లో ఎంతకు తగ్గించారు, రెండేళ్ల తర్వాత వచ్చే వాస్తవ లెక్కల్లో ఎంత ఖర్చయింది, ఈ మూడు అంకెలు పక్కపక్కన రాయండి. ఆ పక్కనే ఆ ఏడాది పరిశ్రమలకు ఎన్ని రోజులు కరెంటు కోత పెట్టారో రాయండి. నాన్నగారు చెప్పే ఐదేళ్లకూ, బాబాయిగారు చెప్పే ఐదేళ్లకూ ఇదే పట్టిక వేసి ఇద్దరి ముందూ పెట్టండి. పాత బడ్జెట్ పుస్తకాలు చదవడంలో ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే అడగండి, పద్దు పేరు చెబితే ఎలా చూడాలో చెబుతాను.